రెండు లేత రంగుల మధ్య తేడా తెలియనప్పుడు ఏది ఎంచుకోవాలి?

షేడ్ కార్డులో పక్కపక్కనే ఉన్న రెండు రంగులు. రెండూ క్రీమే, లేదా రెండూ బూడిదకీ ఇసుకకీ మధ్యలో ఎక్కడో ఉన్నవే. ఎంతసేపు చూసినా తేడా అంతుపట్టదు, ఇంట్లో ఒకరు ఇది అంటారు, ఇంకొకరు అది అంటారు, పెయింటర్ ఏమో డబ్బాలు ఎప్పుడు తెప్పిస్తారని ఫోన్ మీద ఫోన్ చేస్తుంటాడు. బెంగళూరులో ఫ్లాట్ కొనుక్కున్న మనవాళ్లు చాలామంది సరిగ్గా ఈ దగ్గరే ఇరుక్కుంటారు. మారతహళ్లి నుంచి ఎలక్ట్రానిక్ సిటీ దాకా ఎవరింటికి గృహప్రవేశానికి వెళ్లినా "కార్డులో ఇలా లేదండీ ఈ రంగు" అనే మాట ఎవరో ఒకరి నోట వినబడుతూనే ఉంటుంది.

"ఈ రెండిట్లో ఏది బాగుంది?" అని అడిగితే సమాధానం దొరకదు. రెండూ బాగున్నాయి కాబట్టే కదా చివరిదాకా మిగిలాయి. అడగాల్సింది వేరు: ఈ రెండిటికీ మధ్య తేడా ఏమిటి, ఆ తేడాని మా ఇల్లు పెంచి చూపిస్తుందా, లేక కనిపించకుండా మింగేస్తుందా? ఈ ప్రశ్న పట్టుకుంటే టెన్షన్ సగం తగ్గుతుంది, మిగతా సగానికి కింద చెప్పే పనులు చేయండి. అన్నీ కలిపి ఒక వారాంతంలో అయిపోతాయి.

లేత రంగులతోనే ఎందుకింత ఇబ్బంది అంటే, ముదురు నీలం వేసిన గోడ ఎలాంటి వెలుతురులో చూసినా నీలంగానే ఉంటుంది, లేత రంగుకి ఆ బలం లేదు. డబ్బాలో ఉన్నది దాదాపు అంతా తెల్లటి బేసే, మెషిన్ అందులో వేసే రంగు చాలా కొద్దిగా. కిటికీలోంచి వచ్చే వెలుతురు, నేల మీద పడి పైకి లేచే రంగు, రాత్రి వేసే బల్బు, ఇవన్నీ కలిసి ఆ కొద్దిపాటి రంగుని తమ వైపు లాగేసుకుంటాయి. అందుకే ఒకే డబ్బాలోని రంగు హాల్లో మీగడలా, వెనక బెడ్‌రూమ్‌లో ఆకుపచ్చ కలిసిన బూడిదలా కనిపించగలదు.

మొదటి పని: రంగులు పక్కన పెట్టి నేల చూడండి

గోడ రంగు మళ్లీ మార్చుకోవచ్చు, నేల మార్చలేరు. తలుపులు, వార్డ్‌రోబ్‌ల లామినేట్, కిచెన్ గ్రానైట్ కూడా అంతే. కాబట్టి ఎంపిక అక్కడి నుంచే మొదలవ్వాలి. నన్నడిగితే గోడ రంగుల గొడవల్లో చాలా వాటికి అసలు కారణం గోడ కాదు, టైలే.

ఒక తెల్ల ఏ4 కాగితం తీసుకుని పగటిపూట, లైట్లన్నీ ఆర్పేసి, టైల్ మీద పెట్టండి. విడిగా చూసినప్పుడు క్రీమ్ అనుకున్న టైల్, కాగితం పక్కకి రాగానే తన అసలు ఛాయ బయటపెడుతుంది: పసుపు వైపు ఉందో, గులాబీ వైపు ఉందో, ఆకుపచ్చ కలిసిన బూడిద వైపు ఉందో. బిల్డర్లు వేసే ఐవరీ విట్రిఫైడ్ టైల్స్ అన్నీ ఒకటే అనుకుంటాం, కాదు, కొన్నిటిలో గులాబీ బాగా ఉంటుంది. ఆ కాగితం మీదే "నేల: గులాబీ వైపు" అని రాసి పెట్టుకోండి. తలుపు దగ్గర, వార్డ్‌రోబ్ దగ్గర, సోఫా దగ్గర కూడా ఇదే చేయండి. కాపీయర్ కాగితంలో కొంచెం నీలపు మెరుపు కలిపి ఉంటుంది, అయినా అన్నిటికీ ఒకే కాగితం వాడుతున్నాం కాబట్టి పోలికకి ఇబ్బంది లేదు.

ఇదెందుకు ఇంత ముఖ్యమంటే, మన కన్ను ఏ రంగునీ ఒంటరిగా చూడదు, పక్కన ఉన్నదానితో పోల్చే చూస్తుంది. 1820లలో పారిస్‌లోని గోబెలిన్ నేత కార్ఖానాలో అద్దకాల పని చూసే షెవ్రల్ అనే రసాయన శాస్త్రవేత్తకి, కొన్ని నల్ల దారాలు వెలవెలబోతున్నాయని ఫిర్యాదులు వచ్చాయి. ఆయన పరీక్షించి చూస్తే దారంలో, అద్దకంలో లోపమేమీ లేదు, పక్కన నేసిన రంగుల వల్ల నలుపు అలా కనబడుతోందని తేలింది. మీ హాల్లో జరిగేదీ అదే. గులాబీ ఛాయ ఉన్న టైల్ పక్కన పసుపు, ఆకుపచ్చ వైపు మొగ్గే క్రీమ్ వేస్తే ఆ గోడ కొత్తదైనా పాలిపోయినట్టు, మురికి పట్టినట్టు ఉంటుంది. టేకు తలుపుల్లో నారింజ ఛాయ ఎక్కువ, దాని పక్కన ఒక మామూలు బూడిద రంగు వేస్తే అది నీలం తిరిగినట్టు కనిపిస్తుంది. మల్లేశ్వరం, బసవనగుడి వైపు పాత ఇళ్లలో రెడ్ ఆక్సైడ్ నేల ఉంటే, ఎండ దాని మీద పడ్డ ప్రతిసారీ గోడ కింది సగానికి ఎరుపు ఎక్కుతుంది. అలాంటి ఇంట్లో గులాబీ తిరిగిన క్రీమ్ వేస్తే గది మొత్తం బుగ్గల రంగులోకి మారిపోతుంది, అక్కడ కొంచెం పసుపు వైపున్నదే మేలు.

సీలింగ్‌ని కూడా మర్చిపోకండి. పైన మిలమిలలాడే తెలుపు వేయించి, గోడకి మీగడ రంగు వేయిస్తే, ఆ తెలుపు గోడని ఇంకా పసుపుగా చేసి చూపిస్తుంది. అది మీకు ఇష్టమైతే సరే, లేదంటే సీలింగ్‌కి కూడా కొంచెం మెత్తని తెలుపు అడగండి.

రెండో పని: మీ ఇంట్లోకి వచ్చే వెలుతురు ఎలాంటిదో రాసుకోండి

ఇంటర్నెట్‌లో రంగుల గురించి చదివే సలహాలు ఎక్కువగా అమెరికా, ఇంగ్లండ్ ఇళ్ల కోసం రాసినవి. ఉత్తరం కిటికీ ఉన్న గదికి ఎండ రాదు, అక్కడ వెలుతురు చల్లగా నీలంగా ఉంటుంది, కాబట్టి వెచ్చటి రంగు వేయండి అని ఉంటుంది. వాళ్ల అక్షాంశానికి అది చాలావరకు నిజం. బెంగళూరు 13 డిగ్రీల ఉత్తర అక్షాంశం దగ్గర ఉంది, చెన్నై కూడా అంతే. ఇక్కడ ఏప్రిల్ 24, 25 ప్రాంతంలో ఒకసారి, ఆగస్టు 18 ప్రాంతంలో ఇంకోసారి మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు, నిటారుగా నిలబెట్టిన కర్రకి నీడ ఉండదు. ఈ రెండు తేదీల మధ్య నెలల్లో సూర్యుడు ఉత్తరం వైపు నుంచే వెళ్తాడు. అంటే మే, జూన్, జూలైలలో ఎదురుగా అడ్డం లేని ఉత్తరం కిటికీలోంచి పొద్దునా సాయంత్రం ఎండ ఏటవాలుగా లోపలికి వస్తుంది, దక్షిణం గదికి ఎండ వచ్చేది చలికాలంలో. కాబట్టి ఆ సలహాల్ని ఉన్నదున్నట్టు మన ఇళ్లకి తగిలించకండి.

తూర్పు, పడమర మాత్రం ఏడాది పొడవునా ఒకటే తీరు. తూర్పు గది పొద్దున పచ్చబంగారంలా ఉండి మధ్యాహ్నం దాటాక చప్పబడిపోతుంది. పడమటి గదికి సాయంత్రం ఎండలో నారింజ ఎక్కువ, అక్కడ పసుపు ఎక్కువున్న క్రీమ్ వేస్తే సాయంత్రం అయ్యేసరికి మామిడిపండు రసంలా మెరుస్తుంది. వాస్తు చూసి తూర్పు వాకిలి ఫ్లాట్ తీసుకున్నాం కాబట్టి మాది తూర్పు వెలుతురు అనుకోకండి, వాకిలి కారిడార్‌లోకి తెరుచుకుంటుంది. చూడాల్సింది బాల్కనీ, కిటికీలు ఎటున్నాయి అన్నది.

దిక్కు కన్నా పెద్ద విషయం ఇంకోటుంది ఈ ఊళ్లో. 30×40 అడుగుల సైట్లో కట్టిన ఇల్లయితే, రెండు పక్కలా చేతికందేంత దూరంలో పక్కింటి గోడ ఉంటుంది. మీ బెడ్‌రూమ్‌లోకి వచ్చేది ఆకాశపు వెలుతురు కాదు, ఆ గోడకి తగిలి వచ్చిన వెలుతురు. వాళ్ల గోడ చిలకాకుపచ్చ అయితే మీ లేత బూడిద గోడకి ఆకుపచ్చ వస్తుంది, వాళ్లది నారింజ అయితే మీది పీచ్ రంగులోకి పోతుంది. కిటికీ ముందు పెద్ద వానచెట్టు ఉన్నా అంతే, జయనగర్‌లో చెట్ల నీడన ఉన్న ఇళ్లలో పగలంతా ఆకుపచ్చ వెలుతురే. మీ చేతిలో ఉన్న రెండు రంగుల్లో ఒకదానికి ఆకుపచ్చ ఛాయ ఉండి, మీ కిటికీ ముందు చెట్టో ఆకుపచ్చ గోడో ఉంటే, ఇక్కడికే నిర్ణయం అయిపోయినట్టు. రెండోదే తీసుకోండి.

ఇక బల్బులు. ఇద్దరూ ఉద్యోగాలకి వెళ్లి, అవుటర్ రింగ్ రోడ్డు ట్రాఫిక్ దాటుకుని చీకటి పడ్డాక ఇల్లు చేరే కుటుంబమైతే, ఆ గోడల్ని వారంలో ఎక్కువ సేపు చూసేది బల్బు వెలుతురులోనే. కాబట్టి పగటి రంగు కన్నా రాత్రి రంగుకే మీరు ఎక్కువ విలువ ఇవ్వాలి. బల్బు డబ్బా మీద చూడండి: కూల్ డేలైట్ అంటే 6500 కెల్విన్, నీలపు తెలుపు. వార్మ్ వైట్ అంటే 2700 నుంచి 3000, పసుపు. మధ్యలో 4000 ఉంటుంది, నా లెక్కలో హాలుకి అదే హాయి. మన ఇళ్లలో ఎక్కువగా 6500 ట్యూబ్‌లైట్లు ఉంటాయి, ఫాల్స్ సీలింగ్ చేయించిన వాళ్లు కోవ్‌లో, అంటే సీలింగ్ అంచు గాడిలో, 3000 స్ట్రిప్ లైటు పెడతారు. రెండూ కలిపి వేస్తే ఒకే గోడ పైన పసుపుగా, కింద నీలంగా ఉంటుంది. రంగు ఎంచుకునే ముందే బల్బులు ఖాయం చేసుకోండి, అవి కొని, బిగించి, ఆ తర్వాత రంగు చూడండి. డబ్బా మీద సీఆర్ఐ అని ఒక అంకె కూడా ఉంటుంది, రంగుల్ని ఎంత నిజంగా చూపిస్తుందో చెప్పేది అది. మామూలు ఎల్‌ఈడీలకి 80 చుట్టుపక్కల ఉంటుంది, 90 దాటినవి దొరికితే హాల్లో పెట్టడానికి కొంచెం ఖర్చు ఎక్కువైనా పర్వాలేదు.

ఒక వెలుతురులో అచ్చం ఒకేలా కనిపించిన రెండు రంగులు ఇంకో వెలుతురులో విడిపోవచ్చు. దీనికి మెటామెరిజం అని పేరు. ఒకేలా కనిపించినా వాటిలో కలిపిన రంగు పదార్థాలు వేరు కావడం దీనికి కారణం. షాపులో ట్యూబ్‌లైటు కింద "రెండూ ఒకటే సార్" అని షాపతను అన్నప్పుడు అతను అబద్ధం చెప్పడం లేదు, అక్కడ నిజంగానే ఒకటిగా కనబడుతున్నాయి.

మూడో పని: షాపులో అడగాల్సినవి

మొదట ఎల్‌ఆర్‌వీ. రంగు తన మీద పడిన వెలుతురులో ఎంత శాతం వెనక్కి పంపుతుందో చెప్పే అంకె ఇది, పూర్తి నలుపుకి 0, పూర్తి తెలుపుకి 100. కొన్ని కంపెనీల షేడ్ కార్డుల్లోనో వెబ్‌సైట్లలోనో ఇస్తారు. మీ రెండు రంగుల మధ్య ఈ అంకెలో 2, 3 తేడా ఉంటే గోడ మీద కంటికి ఆనదు, 5 దాటితే కనిపిస్తుంది, 10 ఉంటే అవి ఒకేలాంటి రంగులే కాదు. వెలుతురు తక్కువ వచ్చే 30×40 ఇళ్లలో 60 కన్నా కింద ఉన్న రంగుని గది మొత్తానికి వేయకపోవడమే మంచిదని నా అభిప్రాయం, అవి ఎండలో ఎంత అందంగా ఉన్నా పక్కింటి గోడ నీడలో దిగాలుగా ఉంటాయి.

ఎల్‌ఆర్‌వీ ఒక్కటే చూసి తేల్చకండి కూడా. అమెరికాలో షెర్విన్ విలియమ్స్ కంపెనీకి రెండు పేరుమోసిన న్యూట్రల్స్ (క్రీమ్, బూడిద, ఇసుక లాంటి రంగులు) ఉన్నాయి, అగ్రీయబుల్ గ్రే, యాక్సెసిబుల్ బీజ్. మొదటిదాని ఎల్‌ఆర్‌వీ 60, రెండోదానిది 58. అంకెల్లో దాదాపు ఒకటే, కానీ పక్కపక్కన పెడితే మొదటిది బూడిద వైపు, రెండోది గోధుమ వైపు వెళ్తుంది. మనవాళ్లు ఫోన్‌లో ఫొటోలు చూసి ఈ పేర్లు పట్టుకుని ఇక్కడి షాపుకి వెళ్తారు, వాళ్లు మెషిన్‌లో దగ్గరగా ఉన్నదేదో కలిపి ఇస్తారు. వేరే కంపెనీ బేస్, వేరే రంగు పదార్థాలు, అది అదే రంగు అనుకోకూడదు. ఏషియన్ పెయింట్స్, బెర్జర్, నెరోలాక్, డ్యూలక్స్, నిప్పన్, మీ షాపులో ఏది ఉంటే ఆ కంపెనీ సొంత కార్డులోంచే రెండు రంగులూ ఎంచుకోండి. ఒకటి ఒక కంపెనీది, ఇంకోటి వేరే కంపెనీది అయితే పోలిక కష్టమవుతుంది.

రెండోది చాలామంది అడగనిది, నాకు మాత్రం ఇదే అన్నిటికన్నా ఉపయోగంగా అనిపిస్తుంది. టింటింగ్ మెషిన్ దగ్గర కంప్యూటర్‌లో ప్రతి షేడ్‌కీ ఫార్ములా ఉంటుంది, ఏ రంగు ఎంత పడుతుందో. అది ఒకసారి చూపించమనండి. లేత న్యూట్రల్స్‌లో సాధారణంగా పడేవి ఎల్లో ఆక్సైడ్, రెడ్ ఆక్సైడ్, నలుపు. పసుపులో నలుపు కలిస్తే ఆకుపచ్చ వైపు పోతుంది, కాబట్టి ఎర్ర రంగు అస్సలు లేకుండా ఆ రెండే ఉన్న షేడ్‌కి గోడ మీద ఆకుపచ్చ ఛాయ వచ్చే అవకాశం ఎక్కువ. రెడ్ ఆక్సైడ్ ఎక్కువుంటే గులాబీ వైపు. దాదాపు నలుపు ఒక్కటే పడే బూడిద అయితే నీడలో నీలంగా కనబడుతుంది. కంటికి ఒకటిగా కనిపించిన మీ రెండు రంగులు ఇక్కడ విడిపోతాయి. రద్దీ లేని సమయంలో వెళ్లి అడిగితే చాలామంది షాపువాళ్లు చూపిస్తారు, ఆదివారం పొద్దున వెళ్లి అడిగితే విసుక్కుంటారు.

షేడ్ కార్డు ఇంటికి తెచ్చుకున్నప్పుడు ఒక చిన్న పని. ఆ లేత రంగుల వరసలో అన్నిటికన్నా ముదురుగా ఉన్న దాన్ని చూడండి. పైనున్న మీ లేత రంగు తన మొహం దాచుకుంటుంది, అదే వరసలో కిందున్న ముదురు రంగు దాచుకోలేదు. అది ఆలివ్‌లా ఉంటే మీ లేత రంగులోనూ ఆకుపచ్చ ఉన్నట్టే, ఇటుక రంగులా ఉంటే గులాబీ. కార్డులో అన్ని వరసలూ ఇలా కచ్చితంగా ఉండవు, కానీ అనుమానం తీర్చుకోవడానికి సాయపడుతుంది.

నాలుగో పని: గోడ మీద కాదు, బోర్డు మీద వేయండి

గోడ మీద రెండు పట్టీలు కొట్టి చూడటం మన అలవాటు. దాంట్లో రెండు చిక్కులున్నాయి. వెనకాల పాత రంగు ఉంటుంది, కన్ను దానితో పోల్చి చూస్తుంది. పైగా ఆ పట్టీ అక్కడే ఉంటుంది, వేరే గదికి తీసుకెళ్లలేరు. స్టేషనరీ షాపులో సన్‌బోర్డ్ (తేలికైన ఫోమ్ షీట్) పెద్దవి రెండు కొనండి, కనీసం రెండడుగులు ఉండాలి. షాపులో దొరికే అతి చిన్న డబ్బా ఒక్కో రంగుకి ఒకటి కలిపించండి. దాని ఖర్చు మొత్తం పెయింటింగ్ ఖర్చులో లెక్కలోకి రాదు, నచ్చని గోడని ఇంకోసారి వేయించాలంటే పెయింట్, కూలీ రెండూ మళ్లీ పెట్టాలి.

రోలర్‌తోనే వేయండి. బ్రష్‌తో వేస్తే గీతలు పడి రంగు వేరేలా కనిపిస్తుంది, గోడకి వేసేది రోలరే కదా. రెండు కోట్లు, మధ్యలో నాలుగు గంటల గ్యాప్. అంచుల దాకా నిండుగా వేయండి, చుట్టూ తెల్ల అంచు వదిలితే రంగు ఉన్నదానికన్నా ముదురుగా కనిపిస్తుంది. ఎమల్షన్ రంగు తడిగా ఉన్నప్పుడు ఒకలా, ఆరిన తర్వాత ఇంకోలా ఉంటుంది, సాధారణంగా ఆరాక కాస్త ముదురుతుంది. కాబట్టి ఆ రాత్రికి వదిలేసి మర్నాడు చూడండి. బోర్డు వెనకాల షేడ్ కోడ్, కంపెనీ పేరు, ఫినిష్ స్కెచ్ పెన్‌తో రాయండి. ముందు వైపు రాయొద్దు. ఇంట్లో అత్తయ్యకో నాన్నగారికో చూపించేటప్పుడు పేరు వినగానే అభిప్రాయం మారిపోతుంది, ఐవరీ అంటే ఖరీదుగా, బిస్కెట్ అంటే చౌకగా అనిపిస్తుంది, రంగు అదే అయినా సరే.

ఫినిష్ కూడా గోడకి ఏది వేయబోతున్నారో అదే బోర్డుకీ వేయాలి. అదే కోడ్ మెరుపు లేని మ్యాట్‌లో ఒకలా, మెరుపున్న షీన్‌లో ఇంకోలా ఉంటుంది. షీన్ వెలుతురుని తిప్పికొడుతుంది కాబట్టి ఒక కోణంలోంచి లేతగా, ఇంకో కోణంలోంచి ముదురుగా కనిపిస్తుంది, పుట్టీ పని సరిగ్గా లేకపోతే గోడలో ఎగుడుదిగుళ్లన్నీ బయటపెడుతుంది కూడా.

ఐదో పని: చూడటం

బోర్డుల్ని నేల మీద పడుకోబెట్టి చూడకండి. నేల మీద పడుకున్నదానికి పై నుంచి వెలుతురు పడుతుంది, గోడకి పక్క నుంచి పడుతుంది. నిలబెట్టి, గోడకి ఆనించి, కింది అంచు టైల్‌ని తాకేలా పెట్టండి, ఎందుకంటే గోడకీ నేలకీ మధ్య ఆ కలిసే గీత దగ్గరే అసలు కథ బయటపడుతుంది. మొదట రెండూ పక్కపక్కన, మధ్యలో ఖాళీ లేకుండా, ఒక పక్కన తెల్ల కాగితం పెట్టి చూడండి. ఇప్పుడు మీకు తెలియాల్సింది మూడు విషయాలు: ఏది లేత, ఏ రంగు ఎటు మొగ్గింది, ఏది ఎక్కువ రంగుగా ఉంది. "ఎడమది కొంచెం లేత, కానీ పసుపు ఎక్కువ" లాంటి ఒక వాక్యం రాసుకోగలిగితే సగం పని అయినట్టే. తర్వాత కాగితం తీసేసి విడివిడిగా ఒక్కొక్కటి చూడండి, ఎందుకంటే రేపు గోడ మీద ఉండేది ఒక్కటే, పోల్చుకోవడానికి రెండోది ఉండదు.

బోర్డుల్ని కిటికీ ఉన్న గోడ మీద కూడా పెట్టి చూడండి. దీన్ని ఎవరూ పట్టించుకోరు. కిటికీ ఉన్న గోడ మీద నేరుగా వెలుతురు పడదు, పైగా పక్కనే మెరిసే ఆకాశం ఉండటంతో కంటికి అది గదిలో అన్నిటికన్నా చీకటి గోడ. అక్కడ బాగుంటే మిగతా గోడల మీద బాగుంటుంది. ఆ తర్వాత గది మూల. మూలలో రెండు గోడలూ ఒకదాని రంగుని ఒకదాని మీదకి విసురుకుంటాయి, కాబట్టి గది మొత్తం వేశాక రంగు బోర్డు మీద కనిపించిన దానికన్నా చిక్కగా అనిపిస్తుంది. ఒకే రంగు వేసిన రెండు బోర్డుల్ని పుస్తకం తెరిచినట్టు నిలబెట్టి మధ్యలోకి చూస్తే అది ముందే తెలిసిపోతుంది. మిగిలిన పెయింట్‌తో ఇంకో బోర్డు వేసుకుంటే సరి.

సమయాలు: పొద్దున ఎనిమిదింటికి, మధ్యాహ్నం, నాలుగున్నరకి, ఇంకా రాత్రి మీరు మామూలుగా వేసుకునే లైట్లతో. కర్టెన్లు ఎప్పుడూ వేసి ఉంచే ఇల్లయితే కర్టెన్లు వేసే చూడండి. బెంగళూరులో జూన్ నుంచి అక్టోబర్ దాకా మబ్బు రోజులే ఎక్కువ, ఆ వెలుతురు చదునుగా, కొంచెం నీలంగా ఉంటుంది. ఎండ రోజున ఒకసారి, మబ్బు రోజున ఒకసారి చూడటం కుదిరితే చాలా మంచిది. చెన్నైలో ఉన్నవాళ్లకి చిక్కు ఇంకోలా ఉంటుంది. అక్కడ మధ్యాహ్నపు వెలుగు ఎంత తీవ్రమంటే మెరిసే తెలుపు కళ్లలో పొడుస్తుంది, అందుకే రెండిట్లో ఒక పిసరు ముదురున్నదే హాయిగా ఉంటుంది.

ఒక చోట నిలబడి బోర్డు వైపే చూస్తూ ఉండిపోవద్దు. కాసేపటికి కన్ను ఆ వెలుతురుకి అలవాటుపడి ఛాయ కనిపించకుండా చేస్తుంది. గదిలోంచి బయటికి వెళ్లి, వేరే పని చేసుకుని, తిరిగి వచ్చినప్పుడు మొదటి క్షణంలో ఏమనిపించిందో అది రాసుకోండి.

ఫోన్‌లో ఫొటో తీసి ఊళ్లో ఉన్న అక్కకో అమ్మకో పంపి "ఏది బాగుంది" అని అడగడం అందరం చేసేదే. ఫోన్ కెమెరా ప్రతి ఫొటోకీ తెలుపుని తనే సరిచేసుకుంటుంది, పసుపు ఎక్కువుందనుకుంటే నీలం కలుపుతుంది. విడివిడిగా తీసిన రెండు ఫొటోల్ని పోల్చడం వృథా. పంపాల్సి వస్తే రెండు బోర్డులూ, తెల్ల కాగితం, కొంచెం టైల్, అన్నీ ఒకే ఫొటోలో వచ్చేలా తీయండి. అప్పుడు కూడా రంగు నిజం కాకపోవచ్చు, రెండిటి మధ్య తేడా మాత్రం కొంతవరకు నిలుస్తుంది.

ఆరో పని: తేల్చడం

ఇప్పుడు మీ రాతలన్నీ ముందేసుకోండి. నేల ఛాయతో గొడవపడే రంగు ఏదైనా ఉంటే దాన్ని తీసేయండి, మిగతావన్నీ దానికి అనుకూలంగా ఉన్నా సరే. నేల గెలవాలి. నేల రెండిటికీ ఒప్పుకుంటే, మీరు ఎక్కువసేపు ఉండే సమయంలో ఏది బాగుందో అది. బెడ్‌రూమ్ అయితే రాత్రి, ఇంట్లో పెద్దవాళ్లు పగలంతా కూర్చునే హాలయితే పగలు.

పొద్దున ఒకటి, రాత్రి ఇంకోటి నచ్చితే? ఏ రంగు రోజంతా తక్కువ మారిందో చూడండి. ఒక పూట అద్భుతంగా, ఇంకో పూట దిగులుగా ఉండేదానికన్నా అన్ని పూటలా ఫర్వాలేదనిపించేదే ఏళ్ల తరబడి విసుగు తెప్పించదు. ఇది నా గట్టి అభిప్రాయం, దీని మీద మా ఇంట్లోనే ఒప్పుకోనివాళ్లున్నారు.

రంగు నచ్చింది కానీ ఒక పిసరు ముదురుగా ఉందనిపిస్తే, అదే ఫార్ములాని సగం మోతాదులో కలపమని అడగొచ్చు. అది అచ్చంగా అదే రంగుకి లేత రూపం అవుతుందని హామీ లేదు, మళ్లీ బోర్డు వేసి చూడాల్సిందే.

అన్నీ చేశాక కూడా రెండిటికీ తేడా కనిపించకపోతే, మీ ఇల్లు ఆ తేడాని మింగేస్తోందని అర్థం. అప్పుడు ఇక చర్చ అనవసరం, టచప్‌కి సులువుగా దొరికేదో, ఇంట్లో అమ్మకి నచ్చిందో తీసుకోండి. గది గదికీ ఒక న్యూట్రల్ చొప్పున వేద్దామనే ఆలోచన మాత్రం వద్దు. చిన్న ఫ్లాట్‌లో హాల్లోంచి చూస్తే మూడు గదుల గోడలు ఒకేసారి కనిపిస్తాయి, దగ్గరదగ్గరగా ఉన్న మూడు క్రీములు అక్కడ కావాలని వేసినట్టు ఉండవు, డబ్బా సరిపోక వేరేది తెచ్చి వేసినట్టు ఉంటాయి.

అద్దె ఇంట్లో ఉన్నవాళ్లకి ఒక మాట. బెంగళూరులో ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్ కింద ఒక నెల అద్దె అడ్వాన్స్‌లోంచి పట్టుకోవడం మామూలే. మీ సొంత రంగు వేసుకుంటే ఆ లెక్క ఎలా ఉంటుందో ఓనర్‌తో ముందే మాట్లాడి, వాట్సాప్‌లో రాతపూర్వకంగా తీసుకోండి.

ఏడో పని: కొనేటప్పుడు

పెయింటర్‌కి రంగు పేరు నోటితో చెప్పకండి. ఇక్కడ పెయింటర్లు తమిళమో హిందీయో కన్నడమో మాట్లాడేవాళ్లు కావచ్చు, మీరు చెప్పిన లేత గోధుమ అతనికి ఇంకేదో అవుతుంది. కంపెనీ, ప్రొడక్ట్, షేడ్ కోడ్, ఫినిష్, నాలుగూ రాసివ్వండి. "మిషన్‌లో ఎందుకు సార్, తెల్ల డబ్బాలో స్టెయినర్ చుక్కలేసి నేనే కలుపుతా, డబ్బు మిగులుతుంది" అంటే (స్టెయినర్ అంటే చిక్కటి రంగు ద్రవం) ఒప్పుకోవద్దు, చేత్తో కలిపిన లేత రంగు రెండోసారి అదేలా రాదు.

ఒక గదికి కావలసిన పెయింట్ మొత్తం ఒకేసారి కలిపించండి. వేర్వేరు రోజుల్లో కలిపిన డబ్బాల మధ్య స్వల్ప తేడా రావచ్చు, ముదురు రంగుల్లో అది తెలియదు, న్యూట్రల్స్‌లో గోడ మధ్యలో కనిపిస్తుంది. రెండు మూడు డబ్బాలుంటే పెద్ద బకెట్‌లో అన్నీ కలిపేసి వాడమనండి. కనీసం ఒక గోడ మధ్యలో డబ్బా మార్చకుండా మూల దాకా పూర్తి చేసి, అక్కడ మార్చమనండి. మొదటి డబ్బా తెరవగానే మీ బోర్డు పక్కన చిన్న మరక వేసి ఆరనిచ్చి, రెండూ కలుస్తున్నాయో లేదో మీరే చూసుకోండి. పని మొదలయ్యాక కాదు, ముందే.

కొత్త పుట్టీ పెట్టిన గోడకి ప్రైమర్ లేకుండా రంగు వేస్తే అక్కడక్కడా పీల్చుకుని మచ్చలుగా కనబడుతుంది, అది చూసి రంగే తప్పని అనుకుంటారు. మొదటి కోటు చూసి కూడా కంగారు పడకండి, కింద తెలుపు తొంగి చూస్తూ ఉంటుంది. రెండో కోటు ఆరి, మర్నాడు పగటి వెలుతురు వచ్చేదాకా ఎవరూ ఏమీ అనకూడదని ఇంట్లో ముందే చెప్పి పెట్టండి.

పని అయ్యాక మిగిలిన పెయింట్‌లో అర లీటరైనా గట్టి మూత ఉన్న డబ్బాలో పోసి, షేడ్ కోడ్, తేదీ, ఏ గదో రాసి లాఫ్ట్‌లో పెట్టండి, పిల్లల సైకిల్ తగిలిన చోటుకి, ఏసీ బిగించినప్పుడు పెచ్చు ఊడిన చోటుకి అదే కావాలి. డబ్బా మూత మీదున్న స్టిక్కర్ ఫొటో తీసి ఇద్దరి ఫోన్లలోనూ ఉంచుకోండి, కోడ్‌ని వార్డ్‌రోబ్ తలుపు లోపలి వైపు కూడా రాసి అంటించండి.